ఆ ఆదివారం నేను తప్పు చెప్పాను

సహోదరీ సహోదరులారా, మూడు నెలల కిందట ఇదే మందిరంలో నిలబడి, నా బిడ్డ చెవినొప్పి ప్రార్థన నూనెతో పోయిందని సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు, ఆ సాక్ష్యం తప్పని ఒప్పుకోవడానికే ఈరోజు వచ్చాను!

నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేస్తాను, మా ఇల్లు లాలాపేట్‌లో. నా కూతురు రూతుకు నాలుగేళ్లు. జలుబు చేసి, వెంటనే జ్వరం వచ్చి, పడుకోబెడితే చాలు ఎడమ చెవి పట్టుకుని గుక్కపట్టి ఏడ్చేది. డాక్టరుకు చూపించమని మా అత్తమ్మ మొత్తుకుంది, నేనేమో మందులకు పోతే విశ్వాసం లేనట్టేనని మొండికేశాను, కూటంలో ప్రార్థించి ఇచ్చిన నూనెను గోరువెచ్చగా చేసి చెవిలో పోశాను. "ప్రభువా, ఈ నూనెనే మందు చెయ్యి, నా బిడ్డను ముట్టు తండ్రీ" అని ఏడ్చాను. తెల్లారేసరికి నొప్పి లేదు, బిడ్డ నవ్వింది, ఆ ఆదివారమే నేను మైకు పట్టుకున్నాను.

తర్వాత చెవి నుంచి చీము కారింది. చెడంతా బయటికి పోతోందని సంతోషించి మళ్లీ నూనె పోశాను, నా మూర్ఖత్వం చూడండి! వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు, పొగరనుకుని కొట్టాను కూడా. అది తలచుకుంటే అన్నం సహించదు.

చివరికి అత్తమ్మే రూతును ఎత్తుకుని తార్నాకలో చెవి డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది, నేను వెనకాలే వెళ్లాను. డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, "నొప్పి తగ్గింది నూనెతోని కాదమ్మా, లోపల చీము నిండి కర్ణభేరికి రంధ్రం పడ్డది, అందుకే తగ్గింది. ఇగ చెవుల ఏం పొయ్యకు, నీళ్లు పోనియ్యకు, జ్వరం తగ్గిందని మందు నడుమ ఆపకు" అన్నది. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని, "దేవా, నీ పేరు చెప్పి నేనే ఆలస్యం చేసిన, నన్ను క్షమించు" అని ప్రార్థించాను.

చీము ఆగింది, జ్వరం మళ్లీ రాలేదు, దేవునికే మహిమ! కానీ ఎడమ చెవి ఇంకా సరిగా వినబడదు. రంధ్రం దానంతటదే పూడవచ్చు, పూడకపోతే ఆపరేషన్ అంటున్నారు. దేవుడు నన్ను నా మొండితనం నుంచి విడిపించాడు, నా బిడ్డ చెవి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఆరోజు నా మాట నమ్మి, ఏడ్చే బిడ్డను ఇంట్లోనే ఉంచుకున్న తల్లి ఎవరైనా ఇక్కడుంటే, అక్కా, దయచేసి చెయ్యెత్తు. ప్రభువును నమ్ము, బిడ్డను ఎత్తుకో, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, దారి పొడుగునా ఇద్దరం ప్రార్థన చేద్దాం.