గుబురాయన ఆవచేను

అందరూ అతన్ని గుబురాయన అనేవారు. అది వెక్కిరింత అని అతనికి తప్ప అందరికీ తెలుసు. చలికాలం మొదట్లో ఆవాలు చల్లేటప్పుడు, ఇతరులు గుప్పెడు వేసేచోట మూడు గుప్పెళ్లు వేసేవాడు. దారిన పోయేవాళ్లకు తన చేలో నేల కనపడకూడదు. అదీ అతని వ్యవసాయం.

"కాస్త పలచగా చల్లండి, గాలాడొద్దూ?" అనేది భార్య.

"నీ మొహం! మొక్కలు ఎక్కువైతే కాయలు తగ్గుతాయా? లెక్క రానిదానివి, ఊరుకో."

లెక్క వచ్చిన ఆ మహానుభావుడి చేలో మొక్కలు వెలుతురు కోసం తోసుకుంటూ దారాల్లా సాగాయి. కొమ్మ వేసే చోటేదీ? అతను మాత్రం నడుం దాటిన పైరును చూసి గట్టుమీద మురిసిపోయేవాడు.

ఒక ఏడు అతను సంతకు వెళ్లినప్పుడు, ఆవిడ బావి పక్క నాలుగు సాళ్ల మేర మొక్కకూ మొక్కకూ బెత్తెడు ఎడం ఉంచి తక్కినవి పీకేసింది. తిరిగొచ్చి, వీధంతా వినపడేలా అరిచాడు. అలిగి రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట ఎవరూ బతిమాలకుండానే వచ్చి తిన్నాడు.

కాయ పట్టే వేళ ఒక మధ్యాహ్నం ఈదురుగాలి, వాన. పైరంతా చాపలా పడిపోయింది. అడుగున పడ్డ కాయలు కుళ్లాయి. ఆ నాలుగు సాళ్లు మాత్రం లావుపాటి కాండాలతో, విరివిగా చాచిన కొమ్మలతో నిలబడే ఉన్నాయి.

నష్టం చూడటానికొచ్చిన వ్యవసాయాధికారి వాటిని తడిమి చూశాడు. "ఇక్కడ ఎవరు పలచన చేశారు?"

"నేనేనండీ," అన్నాడు గుబురాయన, రెప్ప వాల్చకుండా. "మా ఆవిడ వద్దని ఒకటే గోల."

అధికారి అతని భుజం తట్టి మెచ్చుకున్నాడు.

ఆ మెప్పు తలకెక్కింది. మరుసటేడు మూరకొక మొక్క పెట్టాడు. ఖాళీ నిండా కలుపు విరగబడి పెరిగింది. ఉన్న కాసిని మొక్కలూ విడతలుగా పూయడంతో, కోతనాటికి సగం కాయలు పచ్చివి, సగం పగిలి నేలపాలు. "నాసి విత్తనం అంటగట్టారు," అని లోకాన్ని తిట్టాడు.

ఆ తరువాతి చలికాలం ఆవిడ విత్తనాల సంచి అతని చేతిలోంచి లాక్కుంది.

"మీరు వెళ్లి గట్టుమీద కూర్చోండి. కాలు కింద పెట్టారో, చూడండి!"

వరసల్లో విత్తింది. మొలిచాక ఒత్తుగా ఉన్నచోట తీసేసింది. ఆ ఇంట అన్ని ఆవాలు ఎప్పుడూ రాలేదు.

అప్పటినుంచి విత్తడం ఆవిడ పని, ఉపన్యాసాలు అతని పని. గట్టుమీద నిలబడి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ ఎడం గొప్పతనం బోధిస్తాడు. "ఇంతకీ ఎంత ఎడం పెట్టారు?" అని ఎవరైనా అడిగితే, చేలోకి తిరిగి కేకేస్తాడు.

"ఏమే! ఎంత పెట్టమన్నాను?"