నంబరు లేని తుపాకి

ఫార్మింగ్టన్ హిల్స్‌లో శ్రీవల్లి మందుల షాపులో పనిచేసేది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి షుగర్ మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో తెలుగులో ఓపిగ్గా చెప్పేది. భర్త రఘువీర్ కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. అతను ఇంట్లో చెయ్యి చేసుకుంటాడని బయట ఎవరికీ తెలియదు.

బేస్‌మెంట్‌లో త్రీడీ ప్రింటర్ పెట్టుకుని, మిగతా భాగాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, అతనొక పిస్తోలు తయారుచేశాడు.

"దీనికి సీరియల్ నంబర్ లేదు. నా దగ్గరుందని ప్రూవ్ చేయడం ఎవడివల్లా కాదు," అంటూ ఆమె కణతకి ఆనించాడు.

మర్నాడే శ్రీవల్లి కూతురు నైనికని తీసుకుని ఇల్లు వదిలేసింది. కోర్టు అతన్ని వాళ్ల దగ్గరికి వెళ్లొద్దంది, తుపాకులు అప్పగించమంది. తుపాకుల దుకాణంలో కొనుక్కున్న ఇంకో పిస్తోలుని మాత్రం బుద్ధిగా అప్పగించాడు.

"ఇంకోటి ఉంది సార్, నా కళ్లతో చూశాను," అంది పోలీసాఫీసరుతో.

"ఇల్లంతా వెతికాం మేడమ్. దొరకలేదు. ఏ రికార్డులోనూ లేదు."

అలా నంబరు లేకుండా ఇంట్లో చేసుకునే తుపాకుల్ని నిషేధించే బిల్లు మీద రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో శాసనసభ విచారణ జరుగుతుంటే శ్రీవల్లి వెళ్లింది. మైకు ముందు నిలబడింది. "అది నా తలకి పెట్టాడు. మీ లెక్కల్లో అది లేనే లేదు," అని మాత్రం అనగలిగింది.

తర్వాత మార్లిన్ అనే పెద్దావిడ లేచి బిల్లు వద్దంది. "ఏ చట్టాన్నీ లెక్కచేయనివాడు దీన్ని లెక్కచేస్తాడా? నాలాంటి వాళ్ల చేతులే కట్టేస్తారు."

బయట కారిడార్‌లో ఆవిడే వచ్చి శ్రీవల్లి చెయ్యి పట్టుకుంది. "నా మొగుడూ ఇలాగే వెంటపడ్డాడమ్మా. నాకు కావాల్సింది నేనే చేసుకున్నాను. నీకూ నేర్పిస్తాను, రా."

బిల్లు ఓటు దాకా రాకుండానే శాసనసభ సమావేశాలు ముగిశాయి. ఆ వారమే నైనిక స్కూలు ఎదురుగా రఘువీర్ కారు కనిపించింది. పోలీసులు వచ్చేసరికి లేడు. ఇక దిక్కుతోచక శ్రీవల్లి మార్లిన్ గరాజ్‌కి వెళ్లింది. సగం బిగించిన పిస్తోలుని ఆవిడ తన చేతిలో పెట్టగానే శ్రీవల్లికి కణత మీది ఆ స్పర్శ గుర్తొచ్చి, అక్కడే వాంతి చేసుకుంది.

"నావల్ల కాదండీ," అని ఏడ్చింది. మార్లిన్ ఆమె వీపు నిమిరింది.

ఇప్పుడు తల్లీకూతుళ్లు దూరంగా వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో స్నేహితురాలు స్పందన ఇంట్లో ఉంటున్నారు. ఆ పిస్తోలు ఇంతవరకూ దొరకలేదు. డోర్‌బెల్ మోగితే చాలు, నైనిక బాత్‌రూంలోకి పరిగెత్తి లోపల గడియ పెట్టుకుంటుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. కొరియర్ అబ్బాయేనని శ్రీవల్లి తలుపు బయట నిలబడి ఎన్నిసార్లు చెప్పినా, ఆ పిల్ల గడియ తీయదు.