ఏ బ్రాంచి అని అడిగితే

ఓడ విశాఖ రేవుకు చేరి ఫోనుకు సిగ్నల్ రాగానే మొదట కనిపించింది మా రన్నింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చిన కబురు. మదనపల్లెలో మా సార్ పోయారు. అప్పటికే అంత్యక్రియలు కూడా అయిపోయాయి. ఓడ వంటగదిలో చపాతీ పిండి కలుపుతున్నాను. పక్కనున్నవాడు ఏమైందని అడిగితే "మా సార్" అన్నాను. మళ్ళీ పిండి కలపసాగాను.

చదువుతున్న మీకు ఆయన తెలియకపోవచ్చు. చాలా ఏళ్ళు సైన్యంలో ఉండి వచ్చి, మదనపల్లెలో ఒక కాలేజీ గ్రౌండులో పొద్దున్నే మిలిటరీ సెలక్షన్లకు వెళ్ళే పిల్లలకు పరుగు నేర్పేవారు. పుంగనూరు, పెద్దపంజాణి, కుప్పం వైపు పల్లెల నుంచి వచ్చి రూముల్లో ఉండే మాలాంటివాళ్ళే ఆయన పిల్లలు. విజిల్ వాడేవారు కాదు, చప్పట్లు కొట్టేవారు. కొత్తవాడెవడైనా చేరితే ముందు బూట్లు విప్పించి, సెలక్షన్లో తీసిపారేసే చదును పాదాలేమోనని చూసేవారు. మిలిటరీ గొప్పలు చెప్పమంటే మాత్రం చెప్పేవారు కాదు.

"ఆర్మీ అంటే నడక. ఎయిర్‌ఫోర్స్ అంటే ఉద్యోగం వచ్చినాక కూడా పరీక్షలే. నేవీలో మీరు కదలకపోయినా కాళ్ళ కింద నేల కదలతానే ఉంటాది. ఏది తట్టుకుంటారో సూసుకోండి. యూనిఫాం సూసి పోవద్దండి" అనేవారు.

నేను యూనిఫాం చూసే వచ్చాను. మాది రామకుప్పం దగ్గర పల్లె. మా నాయన పెళ్ళిళ్ళకు వంట చేస్తాడు. ఆ పొగలో నుంచి బయటపడి తుపాకి పట్టుకోవాలని నా కోరిక. ఆర్మీ సెలక్షన్లో చివరి రౌండుకు కాలు పట్టేసి, అందరి ముందూ ట్రాకు మీదే కూలబడ్డాను. ఎయిర్‌ఫోర్స్ పరీక్షలో లెక్కల దగ్గరే ఆగిపోయాను. సార్‌కు ముఖం చూపించలేక గ్రౌండుకు పోవడం మానేశాను. కుప్పంలో ఒక పెళ్ళికి నాయనతో కలిసి వంటకు వెళ్ళాను.

సార్ వెతుక్కుంటూ అక్కడికే వచ్చారు. మండపం వెనక పొయ్యిల దగ్గర కూర్చుని, నేను చేసిన పప్పూ అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుని, "నేవీలో వంట బ్రాంచి ఉండాది. దానికి పెట్టుకో" అన్నారు.

నేను తల దించుకున్నాను. నాయనే మాట్లాడాడు.

"ఈ పొగ నాతోనే పోవాలనుకుంటి సార్. వీడు ఆడికి పోయి కూడా గరిటె పట్టుకోవాల్నా? ఊర్లో ఏమని సెప్పుకునేది?"

"సముద్రం మధ్యలో హోటలు ఉండదప్పా" అన్నారు సార్. "వీడు వండకపోతే ఫిరంగి పేల్చేవాడూ పస్తే."

నాయన నవ్వలేదు. సార్ నా వైపు తిరిగి, "నేను సెప్పేది సెప్పినా. పోయేది నువ్వు. మీ నాయన కోసరమో నా కోసరమో పోవద్దు" అన్నారు.

ఏదో బాగా ఆలోచించి ఎంచుకున్నానని అనలేను. ఇంకో దారి లేక పెట్టుకున్నాను. వచ్చింది. నాయన ఊళ్ళో "మావాడికి నేవీలో వచ్చింది" అని మాత్రం చెప్పాడు. ఏ పని అని ఎవరైనా అడిగితే ఇద్దరం మాట మార్చేవాళ్ళం.

మొదటి లీవులో గ్రౌండుకు వెళ్ళాను. సెలెక్టయినవాళ్ళను కొత్త బ్యాచ్ ముందు నిలబెట్టి, ఎవరెవరు ఏం చేస్తున్నారో వాళ్ళ నోటితోనే చెప్పించడం సార్‌కు అలవాటు. నా వంతు వచ్చింది. "నేవీ" అన్నాను.

"ఏ బ్రాంచి అన్నా? ఇంజన్లా, తుపాకులా?" అని ఒకడు అడిగాడు.

వంగి బూటు లేసు బిగించుకోసాగాను. సార్ నన్ను ఒక్క క్షణం చూసి, చప్పట్లు కొట్టి, "మాటలు సాలు, పరిగెత్తండి" అన్నారు.

తర్వాత టీ కొట్టు దగ్గర తిడతారేమోనని ఎదురుచూశాను. ఆయన టీలో బన్ను ముంచుకుని తింటూ, "నీ మాట నువ్వే సెప్పాల. తొందరేం ల్యా" అన్నారు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఈసారి లీవు దొరికి మదనపల్లె చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇంట్లో అమ్మ ఒక్కరే ఉన్నారు. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

"తిన్నారా అమ్మా?"

"పొయ్యి కాడికి పోబుద్ధి కాలేదప్పా."

నేను వంటింట్లోకి వెళ్ళాను. రాగిపిండి దొరికింది. సంగటి కెలికి, ఉన్న టమోటాలతో చారు పెట్టి, తట్టలో వడ్డించి ఆమె ముందు ఉంచాను. ఆమె నేల మీద కూర్చుని, కొంచెం కొంచెంగా చారులో అద్దుకుని తినసాగారు. కాసేపటికి తలెత్తారు.

"బాగా సేసినావు. అవునూ, నేవీలో నీది ఏం పనప్పా? ఎన్నిసార్లు అడిగినా మీ సార్ నాకు సెప్పనేల్యా. వాడే వచ్చి సెప్తాడులే అంటా ఉండె."

కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. నేను దాచుకున్నదాన్ని నా కోసం ఆయన కూడా దాచిపెట్టారు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"వంటమ్మా" అన్నాను. "ఓడలో అందరికీ వంట చేస్తాను."

చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. వినాల్సిన మనిషి ఆ ఇంట్లో లేరు.

అమ్మ ఆశ్చర్యపోలేదు. "నువ్వు తినిండావా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా తట్టలో మిగిలిన సంగటిని రెండు చేసి, సగం నా చేతిలో పెట్టారు. అది ఇంకా వేడిగానే ఉంది.