బలపంలో పోయిన అక్షరం

ఒక్క మాట ఇన్నేళ్ళుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ‘లేదు’ అన్న మాట. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. నలభై దాటినా అక్షరం ముక్క రాదు. కోయిలకుంట్ల నుంచి వచ్చి చదువుకుంటున్న సుభద్ర నాకు పలక మీద దిద్దబెట్టింది. బదులుగా ఒక్కటే అడిగేది. బలపాలు. రాయడానికి కాదు, తినడానికి. తను కొంటే వార్డెనమ్మకు తెలుస్తుందని నన్ను తెమ్మనేది. సంగటి ముద్ద సగం వదిలేసేది. బలపం మాత్రం కటుక్కున కొరికేది.

ఒకరోజు ‘బలపం’ అనే రాయమంది. రాశాను. పకపకా నవ్వింది.

“పెద్దమ్మా, ‘ప’ యాడబోయింది? ‘బలం’ అని రాసినావే!”

“నువ్వు బలపం మింగుతాండావు, నేను ‘ప’ మింగినా. సరిపాయ!”

నవ్వుతూనే ఆయాసపడి గోడ పట్టుకుంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. చూశాను. చూడలేదని ఎలా అనను?

కొన్నాళ్ళకు మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. డాక్టరమ్మ వచ్చి కనురెప్ప కిందికి లాగి చూసింది. నావైపు తిరిగింది.

“రక్తం తక్కువైన పిల్లలు కొందరు మన్నూ బలపాలూ తింటారు. ఈ పిల్ల తింటాందా? చెప్తే మాన్పించి మందిస్తా.”

మంచం మీంచి సుభద్ర నన్నే చూస్తోంది.

“లేదమ్మా,” అన్నాను.

ఆ చూపుకు జాలిపడి అబద్ధమాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నిజం చెబితే బలపాలు ఆగిపోతాయనీ, అవి ఆగితే నా పక్కన కూర్చోవాల్సిన పని ఆ పిల్లకు ఉండదనీ అప్పుడే నా మనసుకు తోచింది. నాకింకా ఒత్తులు రాలేదు. అందుకేనా? అందుకే.

మళ్ళీ తెచ్చిచ్చానా? తెచ్చిచ్చాను. నాకు ఒత్తులు వచ్చాయి. పరీక్షల ముందు వాళ్ళ నాయన వచ్చి, నడవలేని కూతుర్ని ఎత్తుకుని బస్సెక్కించాడు. చదువు మాన్పించారని విన్నాను. తర్వాత ఏమైందో అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళే. అందుకే అడగలేదు.

క్షమించమని రాయను. ఆ ‘క్ష’ కూడా తను బలపం కొరుకుతూ దిద్దించిందే. డాక్టరమ్మ అడిగినదానికి మాత్రం ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

తినిందమ్మా. బలపం. ‘ప’ వదలకుండా రాశాను. నేనే తెచ్చిచ్చాను.