ఘాట్‌లో రెండు గీతలు

నా కారుకు నేనెప్పుడూ నిమ్మకాయ కట్టలేదు. కొన్న రోజున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టబోతే షోరూం వాళ్లతో అరగంట వాదించి, ఉత్త టైర్లతోనే బయటికి తీసుకొచ్చాను. పదకొండేళ్ల కిందటి మాట. మైదుకూరులో ఒక సభ ముగిశాక ఎవరో అభిమానంతో అద్దం మీద కుంకుమ బొట్టు పెడితే అక్కడే నీళ్లు తెప్పించి కడిగాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నా మొండితనం ఏ మేరకో తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

కడప నుంచి కర్నూలు దాకా, ఇటు రాయచోటి దాకా, మూఢనమ్మకాల మీద ఎవరు చర్చకు పిలిచినా ఆ డీజిల్ కారులోనే వెళ్లేవాణ్ణి. రాను రాను దానికి ఓపిక తగ్గింది. నలుగురు ఎక్కితే గువ్వలచెరువు ఘాట్‌లో రెండో గేరులో మూలుగుతూ పాకేది. వెనక లారీలు హారన్ కొట్టేవి. అమ్మేద్దామనుకుంటున్న రోజుల్లో, చివరిసారిగా ఒకసారి చూపిద్దామని, కడపలో డీజిల్ పంపులు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు నేను పాత గిరాకీని. మా అక్క కూడా వెంట వచ్చింది. అక్క నాతోనే ఉంటుంది. బజారులో పని ఉందంటే చాలు, ముందు సీటు ఆమెదే.

భాయ్ బోనెట్ ఎత్తి విని, తల పంకించి, లోపలికి చూసి కూతుర్ని పిలిచాడు. ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చదువయ్యాక తండ్రి షాపులోనే ఒక మూల బల్ల వేసుకుని, ల్యాప్‌టాప్ పెట్టుకుని, బండ్ల కంప్యూటర్లు చూడటం మొదలుపెట్టింది. స్టీరింగ్ కింద ఉండే గూడులో వైరు గుచ్చి, తెర మీద అంకెలు చదువుకుంది.

"సార్, మీ ఇంజన్ ముసలిది కాలేదు. దాని కంప్యూటర్‌కే భయం ఎక్కువ."

"అదేంటమ్మా, దానికి భయమేంటి?"

"కంపెనీ వాళ్లు అన్ని ఊర్లకూ కలిపి ఒకటే రాసినారు సార్. మంచు కురిసే ఊరికి, కల్తీ డీజిల్ పోసే ఊరికి, సర్వీసే చేయించని మనిషికి, అందరికీ ఒకటే. ఎందుకైనా మంచిదని డీజిలు కొంచెం తక్కువ, గాలి కొంచెం తక్కువ ఇయ్యమని రాసి పెట్టినారు. ఇంజన్ ఇంకా లాగగలదు. లాగొద్దని దానికి చెప్పినారు, అంతే."

"మార్చి రాయొచ్చా?"

"రాయొచ్చు. క్లచ్చి తట్టుకునేంత వరకే. పొగ ఆపే భాగాన్ని మాత్రం ముట్టను. అది తీసేయమని అడిగేవాళ్లు శానామంది ఉండారు. నేను తీయను."

నాకు కలిగిన సంతోషం కారు గురించి కాదు. ఫ్యాక్టరీలో రాసి మూసేసిన రాత ఒకటుంది. అది అందరికీ శాసనమని చెప్పారు. ఒక అమ్మాయి దాన్ని తెరిచి, చదివి, ఇది ఎందుకిలా ఉందని అడిగి, తప్పున్న చోట దిద్దుతోంది. నలభై ఏళ్లుగా నేను వేదికల మీద మనుషుల్ని చేయమంటున్నది ఇదే కదా!

ముందు ఆమె గాలి ఫిల్టరు మార్చింది. ఫిల్టరు ఉండే నల్లటి ప్లాస్టిక్ డబ్బాకు నాలుగు క్లిప్పులు. అవి తీస్తుంటే అక్క పక్కనే నిలబడి, "ఇంతేనా? ఇది నేనైనా తీస్తా" అంది. తర్వాత పాత రాతను ఉన్నదున్నట్టు దాచిపెట్టి, కొత్త రాత ఎక్కించి, రాయచోటి రోడ్డు మీద నాచేత బండి నడిపించి, పక్కన కూర్చుని తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి ఇంజన్ అడిగిన గాలి. రెండోది దానికి నిజంగా అందిన గాలి. రెండూ ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి. కారు ఎద్దులా లాగింది. "రెండు దినాలు తిరిగి మళ్లీ రాండి సార్, ఇంకోసారి చూడాల" అంది. నేను వెళ్లలేదు. "నీ మీద నమ్మకం ఉందమ్మా" అని ఫోన్‌లో చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే గొడవ మొదలైంది. భాయ్ షాపుకు పెద్ద ఆధారం ఒక ఆసామి. టమాటా, మామిడి తోలే ఐదు పికప్ బండ్లున్నాయి ఆయనకు. వాటిలో ఒక దానికి అంతకుముందే ఈ అమ్మాయి కంప్యూటర్ రాత మార్చింది. నెల తిరక్కుండానే అది ఘాట్‌లో నిలిచిపోయింది. ఇక ఆయన టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చేపోయే డ్రైవర్లందరికీ ఒకటే పాట. ఆడపిల్ల చేయి పడిన బండి, పైగా దిష్టి తీయనియ్యదంట, నిలబడక ఏమవుతుంది? గిరాకీలు పక్క షాపులకు మళ్లారు. నేను వెళ్లిన రోజు భాయ్ కూతురితో అంటున్నాడు: "కొన్నాళ్లు ల్యాప్‌టాప్ మూసి ఇంట్లో కూర్చో బేటీ. లోకం నోరు మూసేది మన చేతిలో లేదు." ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు తుడుస్తూ తల ఎత్తలేదు.

నేను నేరుగా టీకొట్టుకు వెళ్లాను.

"బండి ఆగితే ఫిల్టరు చూడాల, పంపు చూడాల. ఆడపిల్ల చేయి చూస్తారా?"

"ఏమప్పా సారూ, మీరు పుస్తకాలు చదివినోళ్లు. నేను ఘాట్ చదివినోణ్ణి" అన్నాడు ఆసామి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "మీ బండికీ ఆ పాపే గదా చేసింది? ఎక్కించి చూపియ్యరాదూ?"

"ఎక్కిస్తా. వచ్చే అమావాస్య నాడు, రాహుకాలంలో, నిమ్మకాయ లేకుండా ఎక్కిస్తా. ఎక్కితే?"

"ఎక్కితే నా ఐదు బండ్లూ ఆ షాపుకే. ఎక్కకపోతే ఆ పాప ఇంక బండి ముట్టగూడదు. సరేనా?"

"సరే" అన్నాను. చప్పట్లు కొట్టారు. సభ గెలిచినట్టే తిరిగొచ్చి షాపులో చెప్పాను. ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది.

"నన్నడగకుండా నా పని పందెం కాసినారా సార్?"

"నీ కోసమేనమ్మా..."

"ఓడితే మీకేం పోతాది? ఇంకో ఊర్లో ఇంకో సభ పెట్టుకుంటారు. నేను ఇంట్లో కూర్చుంటా."

 

అమావాస్య రోజు పొద్దున అక్క కారు ముందు బంపరుకు నల్లతాడుతో ఏదో కడుతుంటే చూసి, విప్పి అవతల పారేశాను.  నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి ఆమె తయారై కూర్చుంది.

"నేనూ వస్తాండా."

"నువ్వెందుకక్కా?"

"ఘాట్ ఎక్కినాక గువ్వలచెరువు కోవా తెచ్చుకోవాల. నీ పందెంతో నాకేం పని?"

నేను నడుపుతున్నాను. పక్కన అక్క. వెనక భాయ్, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అమ్మాయి. మా వెనకాల తన పికప్‌లో ఆసామి, తొట్టిలో నలుగురు డ్రైవర్లు, ఒక బుట్టెడు నిమ్మకాయలు. ఊరు దాటే వరకు బండి బాగానే ఉంది. ఘాట్ మొదలై, మూడో మలుపులో లారీని దాటబోయి కాలు గట్టిగా తొక్కాను. లాగడానికి బదులు బండి నీరసంగా వెనక్కి తగ్గింది. మీటర్ పక్కన పసుపు లైటు వెలిగింది. ఇంకో మలుపు పాకి, పక్కకు తీసి ఆపక తప్పలేదు.

పికప్ మా వెనక ఆగింది. ఆసామి దిగి, నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డాడు.

"ఏం సార్, ఇంజన్‌కు మీ ఉపన్యాసం వినబడలేదా? ఒక నిమ్మకాయ ఇయ్యమంటారా, ఊరకే ఇస్తా."

డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. భాయ్ గడ్డం నిమురుకుంటూ కొండ వైపు తిరిగాడు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. కానీ వాళ్ల మీద అరవడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. బండి ఆగింది. అది నిజం. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. అదీ నిజం.

అమ్మాయి మాత్రం వైరు గుచ్చి తెర చూస్తోంది.

"అన్నా, ఇట్ల రా" అని ఆసామినే పిలిచింది. "నువ్వే చూడు. ఈ పైగీత ఇంజన్ అడిగిన గాలి. ఈ కిందగీత దానికి దొరికిన గాలి. కాలు తొక్కినప్పుడు చూడు, రెండూ ఎట్ల విడిపోయినాయో. గాలి అందకపోతే డీజిలు తగ్గించుకోమని దానికి రాసుండాది. అందుకే తగ్గించుకునింది. బండి దానికి చెప్పిన పనే చేసింది."

"ఆ గాలి యాడికి పాయ మరి? దయ్యం పీల్చిందా?"

"తెరిచి చూద్దాం."

బోనెట్ ఎత్తింది. నాలుగు క్లిప్పులు తీసింది. డబ్బాలోకి గాలి వచ్చే గొట్టం మూతికి, సగానికి పైగా అడ్డంగా, పసుపు పూసిన గుడ్డ మూట ఒకటి అతుక్కుని ఉంది. దుమ్ము పట్టి ఎర్రబడింది. ఆమె రెండు వేళ్లతో లాగి అందరికీ కనబడేలా పట్టుకుంది. ముడుపు. లోపల రూపాయి బిళ్ల గట్టిగా తగులుతోంది. మామూలుగా నడిపినప్పుడు ఆ సందులోంచి వచ్చే గాలి చాలింది. ఘాట్‌లో కాలు తొక్కేసరికి చాలలేదు.

ఆ గుడ్డ అంచు నాకు తెలుసు. అక్క పాత చీరది.

 నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, అంతమంది మగవాళ్ల ముందు అక్క తల దించుకోవాలి. చెప్పకపోతే, షాపులో వాళ్లే ఏదో చేశారని అంటారు. నేను గొంతు సవరించుకునేలోపే కారు తలుపు తెరుచుకుంది.

"అది నేను పెట్టినా" అంది అక్క. "రెండు దినాలాయె. తాళం నా దగ్గరే ఉంటాది గదా. బయట కడితే వీడు పీకేస్తాడు. పొద్దున బంపరుకు కట్టింది ఉత్తదే, పీకి తృప్తి పడతాడని. వీడు బోనెట్ ఎత్తినోడు కాదు, పదకొండేండ్లలో ఒక్కసారి ఎత్తలే. అందుకని లోపల పెట్టినా."

"అక్కా, ఎందుకు..."

"నువ్వు అమావాస్య నాడు ఘాట్‌లో పోతానని పంతం పడితివి. నన్నడిగినావా? నా భయం నాది. నా మొక్కు నాది." తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "నీ పనికి అడ్డం పడతాదని తెలీదు తల్లీ. తెలిసుంటే పెట్టేదాన్ని కాదు. ఈ పాప చేతిలో ఏ తప్పూ లేదని నేను చెప్తాండా, వినండప్పా అందరూ."

ఆమె తల దించుకోలేదు. ఆ మాట ముందు రాయాలి. నేను వేదికల మీద 'తెరిచి చూడండి, అడిగి తెలుసుకోండి' అని గొంతు చించుకునేవాణ్ణి. నా సొంత బండి బోనెట్ నేనెన్నడూ ఎత్తలేదని మా ఇంట్లో మనిషికి తెలుసు. ఆ లెక్కన ఆమె దాచుకున్న చోటు సరైనదే. ఇంకోసారి చూడాలని ఆ అమ్మాయి అన్న మాట విని, ఘాట్ ఎక్కే ముందైనా బండి చూపించి ఉంటే ఆ మూట షాపులోనే బయటపడేది.

అయినా ఊరుకోలేక, ముడుపు చేతికి తీసుకుని డ్రైవర్ల వైపు తిరిగాను. "చూశారా, మూఢనమ్మకం ఎట్లా ఊపిరి..."

"సార్, ఉపన్యాసం పైకెక్కినాక ఇద్దురు" అంది అమ్మాయి. "తాళం ఇయ్యండి."

"నువ్వు నడుపుతావా?"

"నా పని పందెంలో పెట్టినారు గదా. నేనే ఎక్కిస్తా."

ఆసామి అడ్డొచ్చాడు. "మొక్కు విప్పేసినారు. ఇంక ఎక్కదు, చూస్తాండు."

"మంచిదన్నా. ఎక్కకపోతే మాట నీదే. ముందు సీట్లో నువ్వు కూర్చో. గీతలు నువ్వే చూడు."

ఆయన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక అక్క, భాయ్. చోటు లేదన్నట్టు నన్ను పికప్ తొట్టిలో డ్రైవర్ల మధ్యకు పంపారు. పసుపు లైటు ఆపేసి, అమ్మాయి బండి కదిలించింది. మా పికప్ రెండో మలుపు తిరిగేసరికి నా కారు కనిపించలేదు. అది ఎంత తేలిగ్గా వెళ్లిపోయిందో నిమ్మకాయల బుట్ట పక్కన కూర్చుని చూశాను.

పైకి చేరేసరికి అక్క ఆకుల్లో కోవా పెట్టి పంచుతోంది. ఆసామి తెర మూసి ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. ఓడానని అనలేదు. అలాంటి మనుషులు అనరు. కోవా నోట్లో వేసుకుని, "గీతలు రెండూ ఒకే దోవలో పోయినాయి" అన్నాడు.

"నీ బండి కూడా తెరిచి చూద్దామా అన్నా?" అని అడిగింది అమ్మాయి.

ఆయన తన పికప్ బోనెట్ మీద చేయి వేశాడు. తెరవనివ్వలేదు.

మొదట ఘాట్‌లో నిలిచిపోయిన ఆ పికప్ సోమవారం షాపు ముందుకు వచ్చింది. ఆసామి రాలేదు, డ్రైవరును పంపాడు. ఫిల్టరులోంచి చేటెడు ఎర్రమట్టి రాలింది. బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు దండగా వేలాడుతున్నాయి. వాటిని తీసేస్తేనే పని చేస్తానని చెప్పమని నేను ఆమెతో గొడవపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను. గెలిచిన రోజున కూడా రాజీ పడితే ఎట్లా అన్నది నా వాదం.

ఆమె నా మాట వినలేదు. గ్రీజు చేతులతోనే డ్రైవరుకు చెప్పింది:

"బయట నీకిష్టమైనన్ని కట్టుకో. బోనెట్ లోపల మాత్రం నేను చెప్పినట్టే ఉండాల. మీ ఆసామికి గూడా చెప్పు."

భాయ్ లోపలికి వెళ్లి, మూలనున్న బల్లను ముందుకు జరిపి, వాకిట్లో వెలుతురు పడే చోట వేశాడు.