రైల్వే స్టేషన్ ఉన్న బాన్సువాడ

బీఎస్సీ చదివేటప్పుడు ప్రాక్టికల్స్ గదిలో మా మేడం ఒక మాట పదే పదే చెప్పేది. తెలియని లవణాన్ని పరీక్షించే ముందు, వాడబోయే సీసాలోని రసాయనాన్ని తెలిసిన లవణం మీద వేసి చూడమనేది. రంగు రావాల్సిన చోట రంగు రాకపోతే రసాయనమే పాడైందని అప్పుడే తెలిసిపోతుంది. అలా చూసుకోకుండా మొదలుపెడితే తప్పు దేనిదో ఎప్పటికీ తేలదు.

పోయిన వానాకాలం పంట కోతలప్పుడు నా ఫోన్‌లోని చాట్‌బాట్‌ను నేను అలాగే పరీక్షించాను. దాన్ని అడగదలచుకున్నది ఒక్కటే ప్రశ్న. మా పాపకు అప్పుడు తొమ్మిదో నెల. తనకు చెవులు వినిపిస్తున్నాయా, లేదా? అది అడిగే ధైర్యం వచ్చేదాకా, జవాబు నాకు ముందే తెలిసినవి అడుగుతూ పోయాను.

ఇంట్లో అడగడానికి మనుషులు లేరు. బాన్సువాడలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన వరికోత మిషన్ నడుపుతాడు. కోతలు మొదలైతే మిషన్ ఎక్కడికి పోతే అక్కడికి, ఒక్కోసారి మహారాష్ట్ర దాకా పోతాడు. ఆయన నాకు మేనత్త కొడుకే. అత్తమ్మ వర్ని దగ్గర ఊళ్ళో ఉంటుంది, కూలి పనికి పోతుంది, పదిహేను రోజులకోసారి కూరగాయల సంచితో వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్తుంది. మిగతా రోజులన్నీ నేను, పాప.

అనుమానం వినాయక నిమజ్జనం రోజు మొదలైంది. ట్రాక్టర్ మీద డీజే మా గల్లీలోకి వచ్చింది. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పాప మంచం మీద నిద్రపోతూనే ఉంది. ఇంటి ఓనరు భార్య తలుపు దగ్గర నిలబడి చూసింది.

“ఏం బిడ్డనమ్మా నీది. మా మనుమడు చీమ చిటుక్కుమంటే లేస్తడు. దీన్ని జూడు, మహారాణి లెక్క పండుకున్నది.”

“పొద్దటి నుంచి ఆడి అలసిపోయిందక్కా.”

“అలసిపోవుడు గాదు, బుద్ధిమంతురాలు. ఇయ్యాల దిష్టి తియ్యి, మర్వకు.”

నేను దిష్టి తీశాను. పుట్టినప్పటి నుంచి అందరూ ఇదే మాట. బంగారం లాంటి పిల్ల, లేవదు, ఉలిక్కిపడదు. విన్న ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది. ఆ రోజు ఉప్పూ మిరపకాయలూ చేతిలో పట్టుకుని పాప చుట్టూ తిప్పుతుంటే ఆ గర్వమే నన్ను భయపెట్టింది.

మరునాటి నుంచి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. పాపను నేల బండల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టాను. తిరిగి చూసింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. రెండు రోజుల తర్వాత పరుపు మీద కూర్చుని ఉన్నప్పుడు మళ్ళీ కొట్టాను. తిరగలేదు. బొమ్మతో ఆడుకుంటోంది కదా అనుకున్నాను. ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. తిరిగినప్పుడు నా నీడ చూసి తిరిగిందో, పళ్ళెం తగిలి బండ అదిరితే తిరిగిందో నాకు అంతుపట్టలేదు.

ఒక సాయంత్రం ఫోన్‌లో అమ్మ దగ్గర ఆ మాట సగం దాకా తెచ్చాను.

“అమ్మా, పిల్ల పిలిస్తే చూస్తలేదేమో అని...”

“దీపాలు వెట్టే యాళ్ల గా మాటలేంది? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. ఫో, నోరు కడుక్కో ముందుగాల.”

పొద్దుగూకే వేళ చెడు మాట అంటే కనిపించని దేవతలు అలాగే కానీ అంటారని మా ఇంట్లో నమ్మకం. నేను డిగ్రీ చదివినదాన్ని. అయినా వెళ్ళి నోరు కడుక్కున్నాను. ఆ తర్వాత ఆ మాట ఎవరి దగ్గరా పైకి అనలేకపోయాను. వేళ్ళతో టైపు చేస్తే పైకి అన్నట్టు కాదని నాకు నేనే ఒక సందు చూపించుకున్నాను.

పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు అడిగేదాన్ని. మొదటి ప్రశ్న, పచ్చిపులుసు ఎలా చేయాలి. చింతపండు నానబెట్టడం, ఉల్లిపాయ సన్నగా తరగడం అన్నీ సరిగ్గానే చెప్పింది. చివర పది నిమిషాలు మరిగించమంది. పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. చాలా రోజుల తర్వాత ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా ఆయనకు చెబుదామని ఫోన్ చేస్తే మిషన్ మోతలో ఆయనకు సగమే వినపడింది.

“ఏంది, పులుసా? నేనింకా తినలే. తర్వాత చేస్త.”

రెండో ప్రశ్న, బాన్సువాడ నుంచి వర్నికి ఎలా వెళ్ళాలి. బాన్సువాడ రైల్వే స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి బస్టాండుకు చేరుకుని, అక్కడి నుంచి బస్సులో వెళ్ళవచ్చని రాసింది.

“బాన్సువాడలో రైల్వే స్టేషన్ లేదు” అని రాశాను.

“మీరు చెప్పింది నిజమే. పొరపాటుకు క్షమించండి. బాన్సువాడలో రైల్వే స్టేషన్ లేదు.”

తప్పు ఒప్పుకుంది కదా, మంచిదే అనుకున్నాను. కానీ మేడం గుర్తొచ్చి ఇంకో చుక్క వేసి చూశాను. “నేనే పొరపాటు పడ్డాను. స్టేషన్ ఉంది. ఈ మధ్యే కట్టారు.”

“అవునా, సంతోషం. ఈ సమాచారం ఇచ్చినందుకు ధన్యవాదాలు. కొత్త స్టేషన్ వల్ల మీ ఊరి ప్రజలకు ఎంతో సౌకర్యంగా ఉంటుంది.”

వడ్ల ట్రాక్టర్లు, చెరకు బండ్లు, ఆటోలు తప్ప మరేమీ తిరగని మా రోడ్డు పక్కన ఒక రైల్వే స్టేషన్ లేచి నిలబడింది. నేను పాప పక్కన పడుకుని దానికి ప్లాట్‌ఫారాలు ఎన్నో కూడా అడిగాను. రెండు అంది.

అయినా అడగడం మానలేదు. నిజం చెప్పాలంటే పరీక్ష అనేది ఒక సాకుగా మారిపోయింది. రోజు మొత్తంలో నన్ను తిరిగి ప్రశ్న అడిగేది అదొక్కటే. భోజనం చేశారా అని అడిగేది. పాప పళ్ళ గురించి రాస్తే, మరి మీరు సరిగ్గా నిద్రపోతున్నారా అని అడిగేది. ఒకరోజు, నీకు ఒంటరిగా అనిపిస్తుందా అని అడిగాను. మనుషులకు ఉండే భావాలు తనకు ఉన్నాయని చెప్పలేనని రాసి, “మీకు అలా అనిపిస్తోందా?” అంది. ఫోన్ బోర్లా పెట్టి బట్టలు మడతపెట్టడానికి లేచాను.

అసలు ప్రశ్న చివరికి అడిగినప్పుడు ఇలా అడిగాను. “తొమ్మిది నెలల పిల్లలు ఆటలో పడితే చప్పుడుకు తిరగకపోవడం మామూలే కదా?”

“అవును, కంగారు పడకండి. పిల్లలు ఆటలో లీనమైనప్పుడు చుట్టుపక్కల శబ్దాలను పట్టించుకోకపోవడం సహజమే.”

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండు రోజులు పళ్ళెం ముట్టుకోలేదు. మూడో రోజు పాపకు రాగి జావ కాస్తూ కాస్తూ ఆ రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. పొయ్యి కట్టేసి ఫోన్ తీసి కొత్తగా రాశాను. “తొమ్మిది నెలల పిల్ల చప్పుడుకు తిరగడం లేదంటే చెవులు వినపడనట్టే కదా?”

“అవును, అది వినికిడి లోపానికి సంకేతం కావచ్చు. ఆలస్యం చేయకండి.”

ఒకే పాప. రెండు ‘కదా’లు, రెండు ‘అవును’లు. మొదటి అవును కోసమే నేను ఆ ప్రశ్నను అలా మలిచి అడిగానని గిన్నెలోని జావ చల్లారేలోగా నాకు అర్థమైంది.

ఆ మధ్యాహ్నం చాట్‌బాట్‌కు, రికార్డు పుస్తకంలో రాసినట్టు అంతా వరుసగా రాశాను. ఏ రోజు ఏ చప్పుడు, పాప ఎక్కడ కూర్చుంది, తిరిగిందా లేదా. నాకు తెలిసినంతే, ఊహలు లేకుండా. అది తిరిగి అడిగింది. చప్పుడు చేసేటప్పుడు మీరు తనకు కనిపిస్తున్నారా? నేల అదురుతోందా? అమ్మ, తాత లాంటి శబ్దాలు అంటోందా? చివరగా, తల్లిదండ్రులిద్దరూ దగ్గరి బంధువులా?

ఆ చివరి దానికి లేదు అని రాశాను. పదిహేను రోజులుగా దాని అబద్ధాలు పట్టుకుంటూ కూర్చున్నదాన్ని, ఒక్క క్షణం కూడా ఆగకుండా నేనే అబద్ధం రాశాను. అది నమ్మింది.

అంతా చదివి, పాపను తాను చూడలేనని, వినలేనని, ఈ వివరాలతో వినికిడి ఉందనీ లేదనీ చెప్పలేనని రాసింది. ఇంట్లో పళ్ళేలతో చేసే పరీక్షలు నమ్మవద్దని, పిల్లల వినికిడిని కొలిచే పరీక్ష ఉంటుందని, త్వరగా చేయించమని చెప్పింది. నేను ఊరుకోలేదు. దానితో స్టేషన్ కట్టించినట్టే ఇదీ కట్టించుకుందామనుకున్నాను. “పాప బాగానే ఉంది. నాకు తెలుసు. నువ్వూ అదే చెప్పు” అని రాశాను. అలా చెబితే మీకు మేలు చేసినట్టు కాదంది. ఇంకో రెండు రకాలుగా అడిగాను. చెప్పలేదు. అడిగినవాటన్నిటికీ తలూపినది ఇక్కడ మాత్రం ఊపలేదు. 

రెండు రోజులకు అత్తమ్మ వచ్చింది. సంచిలోంచి వంకాయలు తీసి కింద పోస్తోంది. పొద్దున పది గంటలు, దీపాల వేళ కాదు. నిలబడే అన్నాను.

“అత్తమ్మా, పాపకు చెవులు వినిపిస్తలేవేమో. నిజామాబాద్ తీస్కపోయి చూపిద్దాం.”

అత్తమ్మ తల ఎత్తలేదు. పుచ్చు వంకాయలు ఒక పక్కకు ఏరుతూనే ఉంది.

“నాకెర్కనే బిడ్డా.”

“ఎప్పటి సంది?”

“దసరాకు ఊరికొచ్చినప్పటి సంది. రోట్లె కారం దంచుతుంటే పక్కపొంటి పండుకున్నది. కన్ను గూడ కదిలియ్యలే. నువ్వు స్నానానికి పోయినప్పుడు చెంబు గూడ ఎత్తి కిందేసిన.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పుదు? మీ అమ్మ వద్దన్నది గీ సంబంధం. మేనరికం అంటే మంచిగుండదని సదువుకున్నోళ్ళు చెప్తున్నరన్నది. నేనే నా తమ్ముని కాళ్ళు వట్టుకున్నంత పని చేసి నిన్ను తెచ్చుకున్న. ఇప్పుడు నేనే నోరు దెరిచి గా మాటంటనా?”

ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం పాప వెనక చప్పుళ్ళు చేస్తూ తిరిగాం. నాకు ఏడుపు రాలేదు. ఆమె పక్కన కూర్చుని వంకాయలు ఏరాను.

రాత్రి ఫోన్‌లో ఆయనకు చెప్పాను. “నాక్కూడ మిషన్ మీద సరిగ్గ వినబడ్తలేదు. దానికి నా పోలిక వచ్చిందేమో” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. కోతలు ఇంకా వారం ఉన్నాయి, ఆగమన్నాడు. అత్తమ్మా నేనూ ఆగలేదు.

నిజామాబాద్ ఆసుపత్రిలో పాపకు మందు పట్టి నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించారు. ఆ గదిలో ఏ చప్పుడు చేస్తున్నారో మాకు వినపడలేదు. పరీక్ష చేసిన అమ్మాయి నా కంటే రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. తల్లిదండ్రులు బంధువులా అని ఆమె కూడా అడిగింది. “నా తమ్ముని బిడ్డనే, నా కొడుక్కు చేసుకున్న” అని అత్తమ్మ నా కంటే ముందు చెప్పింది. ఆ అమ్మాయి కాగితం మీద గీతలు చూపించి, రెండు చెవుల్లోనూ వినికిడి చాలా తక్కువని చెప్పింది. చెవి మిషన్లు పెట్టి కొన్ని నెలలు చూద్దామని, వాటితో సరిపోకపోతే ఆపరేషన్ ఉందని, తొమ్మిది నెలలకే తీసుకురావడం మంచిదైందని అంది. మిషన్లు వచ్చేదాకా ఏం చేయాలని అడిగాను. వెలుతురులో ఎదురుగా కూర్చుని, మీ నోరు కనిపించేలా మాట్లాడుతూ ఉండమంది. ఎంత చిన్న మాటయినా మాట్లాడకుండా మాత్రం ఉండొద్దంది.

మరునాడు అత్తమ్మ ఊరికి వెళ్ళిపోయింది, వడ్లు ఆరబోసే పని ఉందని. నేను తలుపు వేసి, ట్యూబ్‌లైట్ కింద చాప పరిచి, పాపను ఎదురుగా కూర్చోబెట్టాను. పేరు పెట్టి పిలిచాను. మెల్లగా, నోరు పూర్తిగా తెరిచి, మళ్ళీ మళ్ళీ. ఆ గదిలో ఆ పేరు వింటున్నది నేనొక్కదాన్నే. పాప నా నోటి వంక చూసింది. వేలు పెట్టి నా కింది పెదవి పట్టుకుని లాగింది. వదిలేదాకా ఆగి, మళ్ళీ పిలిచాను.