వానను పొమ్మన్న పిల్ల

ఆ రోజుల్లో మా కోనసీమ వాళ్ళకు రాజమండ్రి దాటితే పరదేశమే. అలాంటిది డెబ్బైల చివర్లో, ఇంటర్ తప్పి ఇంట్లో అందరికీ లోకువైపోయిన నేను, రైళ్ళూ బస్సులూ మారి అనంతపురం జిల్లాలో కంబదూరు దగ్గర ఒక రైతు ఇంట్లో పనికి చేరానంటే, విదేశాల్లో ఉద్యోగం చేసివచ్చినంత గొప్పగా చెప్పుకోవడంలో తప్పులేదనుకుంటాను. (పాస్‌పోర్టు ఒక్కటే తక్కువ.) ఆ ఇంట్లో నేను అన్నా వదినా అని పిలిచే రైతు దంపతులు, వాళ్ళ ముగ్గురు పిల్లలు, అన్న తల్లి అవ్వ ఉండేవారు. వదిన చేలోకి వెళ్ళినప్పుడు ఆ పిల్లలనూ, కూలికొచ్చే ఆడవాళ్ళ పిల్లలనూ, చంటిబిడ్డలనూ కలిపి చూసుకోవడం, తీరిక దొరికితే విత్తనాలకు వేరుశనగకాయలు ఒలవడం నా పని. "నెల కూడా నిలవలేదు" అని నవ్వడానికి మా సొంత అన్నయ్య ఇంటి దగ్గర సిద్ధంగా ఉన్నాడు కనుక, ఏది ఏమైనా నిలవాలన్న పంతంతో వెళ్ళాను.

పిల్లలను నేను చూసుకున్నానో, వాళ్ళే నన్ను చూసుకున్నారో ఇప్పటికీ తేల్చలేను. మొదటి రోజు నేను రాగి సంగటి నములుతుంటే అందరూ చుట్టూ చేరి వింత చూశారు. "నమలగూడదక్కా, మింగల్ల!" అని ఆ ఇంటి చిన్నది నోరు తెరిచి, మింగి చూపించింది. కోస్తా వాళ్ళను అక్కడ సర్కారోళ్ళంటారు. నా పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ నేను సర్కారు పాపనే.

వెళ్ళిన వారంలోనే ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, ఉరిమి, వాన అందుకుంది. మా ఊళ్ళో ఆ రంగు మబ్బు కనిపిస్తే పెంకులు ఎగిరిపోతాయనీ, కాలువ గట్టు తెగుతుందనీ భయం. ప్రాణాలకు తెగించిన దానిలా పరుగెత్తి, వాకిట్లో ఉన్న పిల్లలందరినీ కొట్టంలోకి తోలి తలుపు గడియ పెట్టేశాను. బయటికి వదలమని వాళ్ళు ఒకటే ఏడుపు. ఏదోలా ఊరుకోబెట్టాలి కదా, చప్పట్లు కొడుతూ, "వానా వానా ఇక చాలు, మీ ఊరికి నువ్వు పో!" అని అప్పటికప్పుడు అల్లి పాడాను. పిల్లలకు అది తెగ నచ్చేసింది. ఏడుపు మాని, కప్పు ఎగిరిపోయేలా అందుకున్నారు. (నా పాఠం ఒకటి అంత చక్కగా ఎవరికైనా వంటబట్టడం అదే మొదలు, అదే ఆఖరు.) పాట మూడో విడతలో ఉండగా వాన ఠక్కున ఆగిపోయింది.

తలుపు తీస్తే ఎదురుగా అవ్వ. కొంగంతా తడిసి ఉంది. వెనక అన్న చేలో వంగి, మట్టిలో వేలు గుచ్చి చూసుకుంటున్నాడు. విత్తడానికి చాలినంత పదును దిగలేదు. ఒలిచిన విత్తనాలు మూటల్లో సిద్ధంగా ఉన్నాయి, వాటి మీదే ఆ ఏడాది బతుకంతా ఉంది.

"ఏం పాపా, వానను యాడికి పొమ్మంటివి? మీ ఊరికా? ఆడేమన్నా తక్కువైనాదా?" అంది అవ్వ.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. బిందెలతో వెళ్ళే ఆడవాళ్ళు ఆగి మరీ "ఈ పాపేనా వానను తరిమింది?" అని నన్ను తేరిపార చూసేవారు. అన్న మాత్రం అవ్వతో, "పోనీలేమ్మా, చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నాడు. మర్నాటి నుంచి అవ్వ నన్ను రోజూ పొద్దున్నే వాకిట్లో మబ్బులొచ్చే పడమటి దిక్కుకు తిప్పి నిలబెట్టేది. "పొమ్మన్న నోటితోనే రమ్మను." నేను చేతులు జోడించి, "వాన గారూ, దయచేసి రండి" అనేదాన్ని. "అట్ల మర్యాదలు చేస్తే వచ్చేదానికి అదేమన్నా పెండ్లికొడుకా? గట్టిగా పిలువు, మేతకు పోయిన బర్రెను పిలిచినట్ల!" అని అవ్వ కసిరేది.

పిలిచాను. గొంతు బొంగురుపోయేలా పిలిచాను. మబ్బులు వచ్చేవి, మా ఇంటి మీదుగా తీరిగ్గా వెళ్ళిపోయేవి. ఒకరోజు వదిన అన్నతో, "ఈ తూరి ఇత్తనం పడకపోతే పిల్లోల్లను ఎత్తుకోని బళ్ళారి పక్క కూలికి పోదాం" అనడం విన్నాను. పెట్టె సర్దుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి, "నేను వెళ్ళిపోతానవ్వా, నా నోరు మంచిది కాదు" అని ఏడ్చేశాను.

అవ్వ పక్కున నవ్వింది. "ఓసి పిచ్చిదానా! నీ మాట ఇని పోయేదైతే, నేను పెండ్లయినప్పటి నుంచి పిలుస్తాండా, నా మాట ఇని రాదా?"

"మరి నాచేత రోజూ ఎందుకు పిలిపించావు?"

"మేమంతా పిలిచి పిలిచి అలిసిపోయినాము. ఇంగో గొంతు తోడుంటే మంచిదే గదా. పెట్టె ఆడ పెట్టి, బిడ్డను ఎత్తుకో పో."

అంతకంటే పెద్ద కొలువు నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు. ఉద్యోగాలిచ్చినవాళ్ళు ఉన్నారు, జీతాలు పెంచినవాళ్ళూ ఉన్నారు, తమ కష్టంలో నా గొంతునూ కలుపుకున్నది మాత్రం ఆ ఇల్లే. ఆ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా లేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాన మళ్ళీ అందుకుంది. కొట్టం తలుపు జోలికి నేను వెళ్ళలేదు. చంకలో చంటిదాన్ని కొంగు కప్పి పట్టుకుని, మిగతా పిల్లల వెంట నేనూ వాకిట్లోకి ఉరికాను. ఎర్రమట్టి కాళ్ళకు అంటుకుంటోంది. చేలో అన్న ఈసారి వేలు గుచ్చి, తల ఎత్తి మా వైపు చెయ్యి ఊపాడు. అవ్వ అరుగు మీద నిలబడి, ఉరుములకంటే పెద్ద గొంతుతో అడిగింది:

"ఏం సర్కారు పాపా, ఇంగ చాలా?"

"చాలదవ్వా! ఇంకా రమ్మను!" అని పిల్లలతో కలిసి గంతులేస్తూ అరిచాను. జుట్టంతా మొహానికి అతుక్కుని, ముక్కు కారుతూ, వానలో తడుస్తున్న ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, జలుబు చేస్తుంది లోపలికి రావే అని మాత్రం అనను. ఇంకాసేపు అరవనిస్తాను.